బ్రిడ్జి బల్ల – దాని అదబు

ఉర్దూలో ‘అదబ్’ అనే మాటకు రెండర్థములు ఉన్నవి. ఒకటి సాహిత్యము, రెండవది మర్యాద. మా కళాశాలలో ఉర్దూ శాఖవారూ తెలుగు శాఖవారూ ఒకే వరండాలో ఎదురెదురు గదులలో కూర్చుంటారు కనుక ఈ మాట రోజుకు పదిసార్లయినా నా చెవిని పడుతూ ఉంటుంది. తెలుగులో ‘సంస్కారము’ అనే మాట దీనికి దగ్గరగా వచ్చి ఆగిపోతుంది. నలుగురు కూర్చున్న చోట ఎట్లు కూర్చోవలెను, ఎప్పుడు పలకవలెను, ఎప్పుడు పలకరాదు అనే విషయమంతా అదబులో ఇమిడి ఉన్నది. ఇట్టి అదబును లిఖిత శాసనముగా మార్చుకొని, ఆ శాసనమునకు తగిన పనిముట్లను కూడ తయారుచేసుకొన్న ఆట ఒకటి ఉన్నది. అది బ్రిడ్జి.

ఈ సంచికలో ఆ ఆటను గురించి వ్రాయుటకు కారణము లేకపోలేదు. విద్యార్థుల విశ్రాంతి గదికి కొనవలసిన సామగ్రి జాబితా పాలకవర్గము ముందున్నది. క్యారమ్ బోర్డుల మీద, చదరంగపు బల్లల మీద ఎవరికీ అభ్యంతరము లేదు. హైదరాబాదుకే చెందిన అపూర్వ 2016లో క్యారమ్ ప్రపంచ విజేతగా నిలిచినది. చదరంగములో మన తెలుగు బిడ్డ కోనేరు హంపి 2019లోను, మరల 2024లోను ర్యాపిడ్ ప్రపంచ కిరీటమును గెలిచినది. అందుచేత ఆ రెండు పంక్తులూ నిరాటంకముగా సాగిపోయినవి. మూడవ పంక్తి ‘నాలుగు బల్లలకు సరిపడు బ్రిడ్జి సామగ్రి’ అని. అక్కడ కలము ఆగినది. కళాశాలలో పేకాటయా అని పెద్దలు అడుగుతున్నారు. అడుగుట న్యాయమే. అడిగినవారికి సమాధానము చెప్పుట కూడ న్యాయమే కనుక నాకు తోచినది విన్నవించుకొంటున్నాను.

ముందుగా, పేక పరాయి వస్తువనే భావమును పక్కన పెట్టవలెను. బాబరు చక్రవర్తి 1527లో సింధు పాలకునికి గంజీఫా ముక్కలు పంపినట్లు తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. అక్బరు ఆడిన 12 రంగుల గంజీఫాను అబుల్ ఫజల్ ఐన్-ఎ-అక్బరీలో వర్ణించినాడు. మన నిర్మల్ చిత్రకారులు గుండ్రని గంజీఫా ముక్కలకు రంగులు వేసినవారే. ఇక నేటి నాలుగు రంగుల పేకకు తెలుగువారు పెట్టుకొన్న పేర్లు చూడండి. ఇస్పేటు, ఆఠీను, కళావరు, డైమను. 17వ శతాబ్ది ఆరంభముననే డచ్చివారు మచిలీపట్నములో వర్తకస్థానము ఏర్పరచుకొన్నారు. వారి భాషలో కళావరును ‘క్లావర్’ అంటారు, ఆఠీనును ‘హార్టెన్’ అంటారు, తురుపును ‘ట్రూఫ్’ అంటారు. ఓడరేవులో దిగిన మాటలు మన అరుగుల మీదికి ఎట్లు నడిచి వచ్చినవో చెప్పుటకు ఇంతకంటె వేరే సాక్ష్యము అక్కరలేదు. మా భాషాశాస్త్రపు తరగతిలో ఆదాన పదములకు ఉదాహరణములు అడిగితే విద్యార్థులు బల్ల, బస్సు అంటూ తడుముకొంటారు. కళావరు ఒక్కరికీ గుర్తు రాదు.

పేరు మనదైనంత మాత్రమున పని మంచిదైపోదు. అసలు అభ్యంతరము జూదమును గురించినది. ఈ విషయములో మన ఇండ్ల పెద్దల పట్టుదలను నేను చిన్నచూపు చూడను. జూదము నిషిద్ధమని మన మతము చెప్పినది. ధర్మరాజు కథ చెప్పుకొనే పొరుగింటివారికీ ఆ మాట కొత్తది కాదు. అయితే ఏది జూదము, ఏది కాదు అనే ప్రశ్న మన జంటనగరములలోనే పుట్టి సర్వోన్నత న్యాయస్థానము దాక వెళ్లినది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద 1963లో పోలీసులు దాడి చేసి, రమ్మీ ఆడుతున్నవారిపై నిజాము కాలపు హైదరాబాదు జూద చట్టము క్రింద కేసు పెట్టినారు. ఆ వ్యాజ్యములో 1967 నవంబరులో తీర్పు వ్రాసినది న్యాయమూర్తి హిదాయతుల్లా. మూడు ముక్కలాట వలె రమ్మీ కేవలము అదృష్టము మీద నడిచేది కాదని, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటకు, ఏది ఉంచుకొని ఏది విడువవలెనో నిర్ణయించుటకు నేర్పు కావలెనని ఆయన నిర్ణయించినాడు. అందులో అదృష్టపు పాలు ఎంత అని చెప్పవలసి వచ్చినప్పుడు ఆయన పోలికకు తెచ్చినది బ్రిడ్జినే. అయితే క్లబ్బు యజమాని ఆట నుండి లాభము తీసినా, పందెము మరొక రూపములో సాగినా అది నేరమే కాగలదని కూడ ఆ తీర్పులోనే ఉన్నది. ఈ రెండవ సగమును మరచి మొదటి సగమును మాత్రము వల్లించేవారు చాలామంది.

ఆ మరపు ఫలితము దిల్‌సుఖ్‌నగర్ వీధులలో నివసించే మనకు తెలియనిది కాదు. శిక్షణ కేంద్రములకు వచ్చి హాస్టలు గదులలో నలుగురైదుగురు కలిసి ఉండే పిల్లల చేతిలోని ఫోనులోనే పేకకట్ట వచ్చి కూర్చున్నది. ఎదుట మనిషి లేడు, బల్ల లేదు, సిగ్గు లేదు. ఊరినుండి తండ్రి పంపిన నెల ఖర్చు మాత్రము ఉన్నది. తెలంగాణ ప్రభుత్వము 2017లో జూద చట్టమును సవరించి ఆన్‌లైను రమ్మీని నిషేధించినది. పార్లమెంటు 2025లో చేసిన చట్టము డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైను ఆటలన్నిటినీ, నేర్పా అదృష్టమా అనే భేదము చూడకుండ, నిషేధించినది. ఈ చట్టములను నేను స్వాగతిస్తాను. కాని ఫోనులోని రమ్మీకి, బల్ల మీది బ్రిడ్జికి పేకముక్కలు ఉమ్మడి వస్తువులైనంత మాత్రమున రెండూ ఒకటే అనుట, కత్తి ఉన్నది కనుక వైద్యుడూ దొంగా ఒకటే అనుట వంటిది.

పోటీ బ్రిడ్జిలో పందెము లేదు. అంతేకాదు, అదృష్టమును వీలైనంతవరకు బయటికి పంపివేయుటకే ఆ పోటీ పుట్టినది. ఆట తెలియని విద్యార్థుల కొరకు సంగ్రహముగా చెబుతాను. నలుగురు ఆడతారు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు భాగస్వాములు. 52 ముక్కలు తలా 13 వస్తాయి. తమ జంట ఎన్ని పట్లు గెలువగలదో, ఏ రంగు తురుపుగా గెలువగలదో ముందు పాట పాడతారు. పెద్ద పాట పాడినవారు ఆ మాట నిలబెట్టుకోవలెను. పాడినవాని భాగస్వామి తన ముక్కలను బల్లమీద పరచి ఊరక కూర్చుంటాడు, అతడే డమ్మీ. ఒక మనిషి చేతికి రాగల 13 ముక్కల కూర్పులు 63,501 కోట్ల 35 లక్షల 59 వేల 600. ఇన్ని కూర్పులలో నాకు మంచిది రాలేదని ఏడ్చుటకు అవకాశము లేకుండ చేసినది ‘డూప్లికేటు బోర్డు’ అనే ఒక చిన్న పెట్టె. దానికి నాలుగు అరలు. ఉత్తరము, తూర్పు, దక్షిణము, పడమర. పట్టులో పడిన ముక్కలను మధ్యన కలిపివేయరు. ఎవరి ముక్క వారి ముందే పెట్టుకొని, ఆట ముగియగానే ఎవరి 13 వారి అరలో పెడతారు. ఆ పెట్టె తరువాతి బల్లకు పోతుంది. అక్కడివారూ అవే ముక్కలు ఆడతారు. చివరకు ఉత్తరమున కూర్చున్న నన్ను, ఇతర బల్లలలో ఉత్తరమున కూర్చొని అవే ముక్కలు ఆడినవారితో పోలుస్తారు. చెత్త ముక్కలు వచ్చినా, అందరికీ అదే చెత్త. ఒకే ప్రశ్నపత్రము అందరికీ ఇచ్చి దిద్దుట వంటిది. ‘ముక్కలు పడలేదు’ అనే సాకు ఇక్కడ చెల్లదు.

ఈ పెట్టె చుట్టూ ఉన్న నియమములు చాదస్తముగా కనిపిస్తాయి. ముక్కలు అరలోనుండి తీయగానే ముఖము చూడకుండ బోర్లా ఉంచి 13 ఉన్నవా అని లెక్కించవలెను. తిరిగి పెట్టేముందు తన 13 ముక్కలను కలిపి పెట్టవలెను. ఎందుకు? ఆడిన వరుసలోనే పెడితే తరువాత తీసినవానికి ఏది ఎప్పుడు పడినదో తెలిసిపోతుంది కనుక. లెక్కించకుండ చూచి ఆడి, చివర ఒకటి తక్కువైతే, ఆ తప్పు ఏ బల్లలో జరిగినదో తేల్చలేరు. మొత్తము గదిలోని ఫలితములు చెడిపోతాయి. పండ్ల మార్కెట్టు కొత్తపేటలో ఉన్న రోజులలో అక్కడ లావాదేవీలు చూచినవారికి ఇది కొత్త కాదు. నోట్లకట్ట తీసుకొన్నవాడు ఇచ్చినవాని ఎదుటనే లెక్కపెట్టేవాడు, ఇచ్చినవాడు నొచ్చుకొనేవాడు కాదు. లెక్కపెట్టుట అవిశ్వాసము కాదు, తరువాత అవిశ్వాసమునకు చోటు లేకుండ చేయుట.

ఇక పాట సంగతి. బ్రిడ్జిలో భాగస్వాములు మాట్లాడుకొనుటకు అనుమతించిన భాష చాల చిన్నది. ఏడు అంతస్తులు, ఐదు విభాగములు, వెరసి 35 పాటలు. పాస్, డబుల్, రీడబుల్. ఇంతే. ఈ 38 మాటలతోనే తన చేతిలోని 13 ముక్కల స్వరూపమును ఎదుటివానికి తెలుపవలెను. మనిషి మాత్రము 38 మాటలతో తృప్తిపడే ప్రాణి కాదు. ‘ఒక ఇస్పేటు’ అని ఉత్సాహముగా అంటే ఒక అర్థము, నీళ్లు నములుతూ అంటే మరొక అర్థము. గజలు పాడేవారు ఒకే పాదమును మూడుసార్లు మూడు విధములుగా విరిచి పాడితే మహఫిలు ‘వాహ్వా’ అంటుంది. అదే పని బ్రిడ్జి బల్లవద్ద చేస్తే మోసము. ఒకే పాటను వేరువేరు విధములుగా ఉచ్చరించరాదని ఆట శాసనములోని 74వ నిబంధన స్పష్టముగా చెబుతున్నది. భాగస్వామి పాటకు సంతోషమో అసంతృప్తియో కనబరచరాదు. వంతు రాకముందే ముక్కను వేరుచేసి పట్టుకొనరాదు. ప్రత్యర్థి ముఖములోనికి తేరిపార చూడరాదు. అతడు చేతిలో ఏ మూలనుండి ముక్క తీస్తున్నాడో కనిపెట్టరాదు. గెలుపు ఖాయమైన తరువాత ఎదుటివానిని వేధించుటకై ఆటను సాగదీయరాదు.

1962లో స్వీడను దేశమున గొంతును పూర్తిగా తొలగించే ఉపాయము కనిపెట్టినారు. అదే బిడ్డింగ్ బాక్సు. ప్రతి ఆటగాని పక్కన ఒక చిన్న పెట్టె, అందులో 35 పాటలకు 35 అట్టముక్కలు, పాస్‌కు పచ్చవి, డబుల్‌కు ఎర్రవి. నోరు తెరువకుండ అట్టను తీసి బల్లమీద పెడతారు. ఒకేసారి అంతస్తులు దాటి పాడదలచినప్పుడు ముందు ‘స్టాప్’ అనే ఎర్ర అట్ట పెడతారు. తరువాతివాడు ఆలోచించవలసినది ఉన్నా లేకపోయినా సుమారు 10 సెకన్లు ఆగి తీరవలెను. ఆ ఆగుటలో ఎంత ఔదార్యమున్నదో గమనించండి. నిజముగా ఆలోచిస్తున్నవాడు ఆలోచిస్తున్నట్లు బయటపడకుండ, ఆలోచన లేనివాడు కూడ అతనితోపాటు ఆగుతాడు. అందరికీ వినికిడి ఒకటే కాదు, యాస ఒకటే కాదు. పాతబస్తీ దక్కనీ మాట్లాడేవాడు, సూర్యాపేట నుండి వచ్చినవాడు, కేరళ నుండి వచ్చి ఇక్కడ చదువుకొంటున్నవాడు ఒకే బల్లవద్ద కూర్చోగలుగుట ఆ పెట్టె పుణ్యమే.

ఎల్.బి. నగర్ మీదుగా నల్లగొండ వైపునుండి వచ్చే మన విద్యార్థులలో కొందరైనా పశువుల సంతలో బేరము చూచి ఉంటారు. దళారీ, కొనేవాడూ తువ్వాలు కింద చేతులు కలిపి వేళ్లు నొక్కుకొంటారు. చుట్టూ పదిమంది ఉన్నా ధర ఒక్కరికీ తెలియదు. అక్కడ అది వ్యాపారమర్యాద. 1965లో బ్యునోస్ ఐరిస్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలో బ్రిటనుకు చెందిన రీస్, షాపిరో అనే ఉద్దండుల మీద అచ్చముగా ఇట్టి అభియోగమే వచ్చినది. ముక్కల వెనుక వేళ్లు ఎన్ని కనబడుతున్నవో, ఆ సంఖ్యతో ఆఠీనులు ఎన్ని ఉన్నవో చెప్పుకొంటున్నారని. ప్రపంచ సమాఖ్య వారిని దోషులన్నది. స్వదేశమున జరిగిన విచారణ, సందేహమునకు అతీతముగా రుజువు కాలేదని 1966లో తేల్చినది. నిజమేమిటో బ్రిడ్జిలోకము ఇప్పటికీ తగువులాడుకొంటున్నది. ఆ తగువులో నాకు అభిరుచి లేదు. దాని తరువాత జరిగినది నాకు ముఖ్యము. 1975లో బెర్ముడాలో జరిగిన ప్రపంచ పోటీలో బల్లకు అడ్డముగా, మూలనుండి మూలకు, తెర నిలిపినారు. ఉత్తరము, తూర్పు తెరకు ఒకవైపు. దక్షిణము, పడమర మరొకవైపు. భాగస్వామి ముఖము భాగస్వామికి కనబడదు. పాటల అట్టలు ఒక పళ్లెములో ఉంచి తెర కిందుగా నెడతారు. ముఖములు మూసిన అదే పోటీలో ఇటలీ జంట ఒకటి బల్ల కింద కాళ్లు కదుపుతున్నదని పట్టుకొన్నారు! దానితో బల్ల కింద కూడ అడ్డు వచ్చినది. 2015లో మరొక జంట, బోర్డును పళ్లెముమీద ఏ పక్కకు జరిపి పెడుతున్నారో దానితో సంకేతములు పంపుకొంటున్నదని వీడియోలు చూచి కనిపెట్టినారు; ఐరోపా సమాఖ్య వారిని 2016లో నిషేధించినది. 2017 నాటి నిబంధనావళిలో బోర్డు ఆట ముగియువరకు బల్ల నడుమనే, సరియైన దిశలోనే, కదలకుండ ఉండవలెనని వ్రాయబడినది.

ఈ చరిత్ర చదివి మా శాఖలోని ఒక మిత్రుడు, ఇంతమంది దొంగలున్న ఆట పిల్లలకెందుకు అన్నాడు. నేను దీనిని వేరుగా చదువుతాను. పరికరములు పెరిగినది దొంగల వలననే. కాని వాటి లాభము ఎక్కువగా పొందినవాడు నిజాయితీపరుడు. తెర లేనప్పుడు, భాగస్వామి వైపు అమాయకముగా చూచినవాడు కూడ అనుమానమునకు గురి అయ్యేవాడు. తెర నిలిచిన తరువాత అతని చూపు అతనిది. మన పరీక్ష మందిరములో నంబర్లవారీగా కూర్చోబెడితే మంచి విద్యార్థి నొచ్చుకొనవలసిన పని లేదు. అతని మార్కులను చూచి ఎవరూ గుసగుసలాడకుండ ఆ నంబరే కాపాడుతున్నది.

అయితే పరికరము పట్టుకోలేని చోటు ఒకటి ఉన్నది. నా దృష్టిలో బ్రిడ్జి గొప్పతనమంతా అక్కడనే ఉన్నది. నా భాగస్వామి పాస్ అనుటకు ముందు చాలసేపు తటపటాయించినాడనుకోండి. అతని చేతిలో ఏదో బలమున్నదని నాకు అర్థమైపోయినది. అతడు నేరము చేయలేదు. ఆలోచించుట ఆటగాని హక్కు. నేనూ నేరము చేయలేదు. చెవులు, కండ్లు మూసుకొని కూర్చోలేను కదా. కాని ఆ క్షణమునుండి నా మీద ఒక బరువు పడినది. నా ముందు సమంజసమైన మార్గములు రెండు ఉన్నప్పుడు, ఆ తటపటాయింపు ఏ మార్గమును సూచిస్తున్నదో ఆ మార్గమును నేను పట్టరాదు. 16వ, 73వ నిబంధనల సారాంశమిది. తెలిసినదానిని తెలియనట్లు నటించమని కాదు. తెలిసినదాని వలన వచ్చే లాభమును వదులుకొమ్మని. ఒక్కొక్కప్పుడు ఆ తటపటాయింపు లేకున్నా నేను అదే మార్గమున పోయేవాడినేమో! అయినా వదులుకోవలెను. తన మనసు తనకే సాక్షి కాలేని చోట, తనకు నష్టమైన వైపు మొగ్గుట. ఇంటర్వ్యూ బోర్డులో బంధువు దరఖాస్తు వచ్చినప్పుడు సభ్యుడు లేచి బయటికి పోవుట, ఆస్తి పంపకములో తూచినవాడు చివరి వాటా తీసుకొనుట, ఇవన్నీ ఈ నియమమునకు చుట్టములే. మన విద్యార్థి 20 ఏండ్ల వయసులో దీనిని పుస్తకములో చదివితే మరచిపోతాడు. బల్లవద్ద, గెలుపు చేతిలోనికి వచ్చి జారిపోతుండగా, తానే వదిలివేస్తే మరచిపోడు.

శాసనమంతా నాకు నచ్చినదని అనుకోవద్దు. 72వ నిబంధన నాకు మింగుడు పడదు. తన పక్షము చేసిన తప్పును తానే ఎత్తి చూపవలసిన బాధ్యత ఆటగానికి సామాన్యముగా లేదని అది చెబుతున్నది. ఉద్దేశపూర్వకముగా తప్పు చేయరాదు, జరిగిన తప్పును కప్పిపుచ్చుటకు మరొక తప్పు చేయరాదు, ముక్కలు ముందుగానే కలిపివేసి ఆనవాలు చెరపరాదు. ఇంతవరకు సరే. కాని ప్రత్యర్థి గమనించకపోతే నోరు మూసుకొని కూర్చొనవచ్చునట! భాగస్వామి తమ పాటల అర్థమును తప్పుగా వివరిస్తే మాత్రము నిర్ణీత సమయమున చెప్పి తీరవలెను. వివరణ విషయములో ఇంత నిక్కచ్చిగా ఉన్న శాసనము, రంగు ఉండి కూడ వేరే ముక్క వేసిన తప్పు విషయములో ఎందుకు మెత్తబడినదో! ప్రత్యర్థులు జాగరూకులై ఉండవలెననుట ఆటలో భాగమని దానిని సమర్థించేవారు అంటారు. న్యాయస్థానములో నిందితునికి తనమీద తాను సాక్ష్యము చెప్పనక్కరలేదనే సూత్రము వంటిదని కూడ అనవచ్చును. బల్ల న్యాయస్థానము కాదు. అక్కడ కూర్చున్నవారు నిందితులు కారు. మన గదిలో ఆట మొదలైతే ఈ ఒక్క నిబంధనకు సవరణ కావలెనని, తన తప్పును తానే చెప్పే ఆచారమును మొదటిరోజునుండి పెట్టవలెనని నా కోరిక. చట్టము అనుమతించినంత మేరకు మాత్రమే నడుచుకొనేవానిని మన భాషలో పెద్దమనిషి అనరు.

డమ్మీని గురించి ఒక మాట. తన ముక్కలన్నీ పరచి కూర్చున్న అతడు ఆట జరుగుతుండగా తప్పును ఎత్తి చూపరాదు; భాగస్వామికి సలహా చెప్పరాదు. కాని భాగస్వామి రంగు తప్పి ముక్క వేసినప్పుడు ‘ఆ రంగు లేదా?’ అని అడుగవచ్చును. జరుగబోయే పొరపాటును ఆపవచ్చును. జరిగిన తరువాత మౌనము, జరుగకముందు హెచ్చరిక. పెద్దలు పిల్లలతో ప్రవర్తించవలసిన తీరు సరిగా దీనికి ఎదురుగా ఉంటున్నదని ఉపాధ్యాయుడుగా నాకు అనిపిస్తుంది. ఇక చూడవచ్చినవారికి కూడ శాసనమున్నది. ప్రేక్షకుడు అనుమతి లేక ఒకరికంటె ఎక్కువమంది ముక్కలు చూడరాదు; ఏమి చూచినా ముఖకవళికలు మారరాదు. మన ఇరానీ హోటళ్లలో ఎక్కడైనా చదరంగము పరచగానే చుట్టూ చేరి ‘గుర్రాన్ని దూకించు భాయీ’ అని అరిచే సలహాదారులకు ఈ నిబంధనను ఫ్రేము కట్టించి ఇవ్వవలెను.

తగువు వచ్చినప్పుడు ఏమి చేయవలెను? తాము తీర్పు చెప్పుకొనరాదు. చేయి ఎత్తి డైరెక్టరును పిలువవలెను. పిలుచుట ఫిర్యాదు కాదు, అవమానము కాదు; పిలిచే తీరులో అమర్యాద ఉండరాదని కూడ వ్రాసి ఉన్నది. మన సమాజములో మధ్యస్థుని పిలిస్తే సంబంధము తెగినట్లే లెక్క. ఇక్కడ అతడు వచ్చి, పుస్తకము చూచి, తేల్చి వెళ్లిపోతాడు. నలుగురూ తరువాతి బోర్డు తీస్తారు. సరూర్‌నగర్ ఇండోర్ స్టేడియములో అంపైరు మీదికి పోయే ఆటగాళ్లను చూచి పెరిగిన పిల్లలకు ఈ దృశ్యము ఒకటి చూపవలసి ఉన్నది.

ఇది ముసలివారి ఆట అనే మాట కూడ విన్నాను. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో బ్రిడ్జికి మొదటిసారి చోటు దొరికినప్పుడు పురుషుల జంటలలో బంగారము తెచ్చిన ప్రణబ్ బర్ధన్‌కు 60 ఏండ్లు, శిబ్‌నాథ్ సర్కార్‌కు 56. 2023లో హాంగ్‌జౌలో మన పురుషుల జట్టు వెండి తెచ్చినది. ఇది ముసలితనమా, లేక 20వ ఏట మొదలుపెట్టి 60వ ఏట పతకము తేగల క్రీడయా? ఉర్దూ శాఖ విద్యార్థులకు నచ్చే సంగతి మరొకటి. 1981లో పాకిస్తాను జట్టు మొదటిసారి బెర్ముడా బౌల్‌లో పాల్గొని ఫైనలు దాక వెళ్లినది. కరాచీలో పుట్టిన జియా మహమూద్ పేరు అప్పటినుండే ప్రపంచమున వినబడినది. సినిమాలకంటె బ్రిడ్జిని ఎక్కువ ప్రేమించిన ఒమర్ షరీఫ్ సంగతి నేను ఎత్తను. ఎత్తితే వ్యాసము సినిమా వైపు పోతుంది.

పాలకవర్గమునకు నా విజ్ఞప్తి ఖర్చు విషయమున కూడ భయపడవలసినది కాదు. తెరలు మనకు అక్కరలేదు; అవి ప్రపంచ పోటీల సరంజామా. వైర్‌లెస్ స్కోరు యంత్రములూ అక్కరలేదు, కాగితపు చీటీలు చాలును. బోర్డులు కొనలేకపోతే నాలుగు జేబులున్న అట్ట సంచులు మన పుస్తకముల బైండరే కుట్టి ఇస్తాడు. వాటి మీద దిక్కులు, పంచేవాని గుర్తు, ‘వల్నరబుల్’ జంట ఉన్న వైపు ఎర్రగీత ఉంటే చాలును. పేకలు మాత్రము మంచివి కొనవలెను. వెనుక బొమ్మ అటుతిప్పినా ఇటుతిప్పినా ఒకటిగా ఉండవలెను, ఒక్క ముక్క మూల మడత పడినా ఆ కట్టను తీసివేయవలెను. బిడ్డింగ్ బాక్సులు బల్లకు నాలుగు చొప్పున కొనుట తప్పదు. దాని మీద పొదుపు చేయుట అంటే మొత్తము ఆలోచనను వదులుకొనుటయే.

నియమములు మూడే చాలును. గదిలో డబ్బు కనబడరాదు. పది రూపాయల చాయి పందెము కూడ పందెమే. సెల్‌ఫోనులు తలుపు పక్కన పెట్టెలో పడవలెను. పెద్ద పోటీలలో ఫోనుతో పట్టుబడితే శిక్ష ఉన్నది, చదరంగములో ఏకముగా ఆటయే పోతుంది. మూడవది, మొదటి సంవత్సరము డైరెక్టరుగా విద్యార్థి కాక అధ్యాపకుడు ఉండవలెను. తీర్పు తనకు వ్యతిరేకముగా వచ్చినప్పుడు ‘సరే సార్’ అని ముక్కలు తీసుకొనుట అలవాటయ్యేవరకు. గణితశాఖలో ఆట తెలిసినవారు ఇద్దరున్నారు, వారు అంగీకరించినారు. గది శనివారము మధ్యాహ్నము రెండున్నర నుండి ఖాళీగా ఉంటున్నది. ఎల్.బి. నగర్ వైపు పోయే అమ్మాయిలు చీకటి పడకముందు మెట్రో ఎక్కవలెను కనుక ఐదు గంటలకు ఆట ముగించవలెను. ఆ రెండున్నర గంటలలో 18 బోర్డులు సులభముగా ఆడవచ్చును.